ఒకే టోకెన్‌పై ఇద్దరు

ఎర్నాకుళం బోటు జెట్టీలో లాటరీ టికెట్లు అమ్ముతున్న ముసలావిడ ఈపెన్ మోచెయ్యి పట్టుకుని ఆపింది.

“ఓణం బంపర్, సారూ! తీసుకోండి.”

“నాకు అదృష్టం అచ్చిరాదు.”

“అయితే నష్టమే కొనుక్కో.”

కోడ్ సరిపోయింది. ఆవిడ కల్యాణికుట్టి, రహస్య దళం అధిపతి. ఏజెంట్లందరికీ టీచర్. టికెట్లు సర్దుతున్నట్టు తల వంచి మెల్లగా చెప్పింది.

“ఈ ఉదయమే ‘కాస్పియా’ ఓడ వస్తోంది. అందులో మన క్షిపణుల గైడెన్స్ యూనిట్ ఉంది. అది నేవీ రేవుకి చేరాలి. విదేశీ ముఠా దాన్ని ఉత్తర రేవుకి మళ్లించబోతోంది. క్రేన్ డ్రైవర్ల వేషంలో వాళ్ల మనుషులు అక్కడ కాచుకుని ఉంటారు. పోర్టు వెబ్‌సైట్లోకి ఎవరి లాగిన్‌తోనో దూరారు. ఎవరిదో కనిపెట్టు.”

ఈపెన్‌కి వెంటనే అర్థమైంది. కనిపెట్టడానికి ఏముంది?

ఏడాదిగా పోర్టు కంట్రోల్ రూములో గుమాస్తా వేషం వేస్తున్నది తనే. నిన్న సాయంత్రం షెరిన్ వచ్చింది. ఒకప్పుడు ఎన్నో మిషన్లలో అతని జోడీ. ఒక్క మాటైనా చెప్పకుండా ముంబై విభాగానికి వెళ్లిపోయిన మనిషి. పసుపు పట్టుచీరలో, పళంపొరి, అదే అరటిపండు బజ్జీ, తుంచి తింటూ పాత పిలుపుతోనే అడిగింది. “అచ్చాయా, మా తమ్ముడు కాస్పియాలో వంటవాడు. ఎప్పుడొస్తుందో ఆ పేజీ లింకు పంపవా?”

టైము నోటితో చెబితే సరిపోయేది. లింకు పంపితే ఆమె దగ్గర్నుంచి మళ్లీ ఒక మెసేజ్ వస్తుందని ఆశపడ్డాడు.

“టీచర్... ఆ లాగిన్ నాదే. నిన్న పట్టుచీరలో వచ్చి అడిగితే షెరిన్‌కి లింకు పంపాను. దాని తోకలో నా సెషన్ నంబరు ఉంది, నా పేరుతో లోపలికి దూరడానికి అది చాలు. చూసుకోలేదు.”

ఆవిడ తలెత్తలేదు. అది తిట్టుకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

“మీసం నెరిసింది గానీ బుద్ధి నెరవలేదు,” అంది చివరికి.

“ఇప్పుడే లాగౌట్ కొట్టేస్తాను.”

“కొడితే ముఠాకి అనుమానం వస్తుంది. చెట్టు కదిపితే కాకులు ఆగుతాయా? నాకు ఓడా కావాలి, ముఠా కూడా కావాలి. వెళ్లు!”

కంట్రోల్ రూములో చెవిటి మిషన్ తగిలించుకున్నాడు. అది టీచర్‌తో మాట్లాడే రేడియో. తెర రిఫ్రెష్ చేశాడు. తను ముట్టుకోకుండానే రేవు పేరు ఉండే గడిలో ‘ఉత్తరం’ అని పడింది. తన చొక్కా చేతిలోంచి ఇంకొకరి చెయ్యి బయటికొచ్చినట్టు అనిపించింది.

వెబ్‌సైటుకి మనుషుల మొహాలు గుర్తుండవు. పేజీ మారిన ప్రతిసారీ సెషన్ నంబరు అనే టోకెన్ చూసి, ఆ టోకెన్ అరలో దాచినది తీసి ఇస్తుంది. గుడి ముందు చెప్పుల స్టాండు లాంటిది. టోకెన్ ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వాళ్లవే. ఇప్పుడు ఇద్దరి చేతిలోనూ ఒకే టోకెన్. ఒకే అర.

ఈపెన్ చటుక్కున నిటారుగా కూర్చున్నాడు.

“టీచర్! ఆమె ఆఖరి పేజీకి చేరాక, అరలో రేవు పేరు నేను మార్చేస్తాను. ఆమె తెర మీద పాత పేరే ఉంటుంది. ఆమె ‘ఆమోదం’ నొక్కితే అరలో ఉన్నదే ఖాయమవుతుంది. ఓడ లంగరేసేదాకా ఇక ఎవరూ మార్చలేరు.”

“ఆమె ముందే నొక్కేస్తే?”

“నా తప్పు దేశానికి చుట్టుకుంటుంది.”

మళ్లీ రిఫ్రెష్. ఓడని రేవులోకి నడిపించే పైలట్ పేరు కూడా పడింది. అంటే ఇక మిగిలింది ఆమోదమే, ఆమె ఆఖరి పేజీలో ఉంది. రెండో విండోలో ‘నేవీ’ ఎంచి, నొక్కాడు. చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది.

ఫోను తీసి షెరిన్‌కి కలిపాడు.

“ఇప్పుడా, అచ్చాయా? పనిలో ఉన్నాను.”

“ఒక్క మాట. అప్పుడు నాకు చెప్పకుండా ఎందుకు వెళ్లిపోయావు?”

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. తన ప్రశ్న ఎర అని అతనికి తెలుసు. అది నిజమైనదనీ తెలుసు. నిజాన్ని గాలానికి గుచ్చినందుకు చెవులు కాలిపోయాయి.

చక్రం ఆగింది. ‘నేవీ’.

“చెబితే వెళ్లలేకపోయేదాన్ని,” అంది షెరిన్. ఆ వెంటనే మౌస్ చప్పుడు వినిపించింది.

ఆమోదం పడింది. కిటికీ బయట వానలో కాస్పియా కూత వేసి, నేవీ రేవు వైపు తిరిగింది. ఉత్తర రేవులో ఎదురుచూస్తున్న దొంగ క్రేన్ డ్రైవర్లు దళం చుట్టుముట్టగానే చేతులు పైకెత్తారు. ఫోర్ట్ కొచ్చి హోటల్ గదిలో షెరిన్ చేతులకి బేడీలు పడేసరికి, ఆమె ల్యాప్‌టాప్ మీద ఇంకా ‘ఉత్తరం’ అనే ఉందట.

“భేష్ అనను,” అంది టీచర్ రేడియోలో. “జరిగిందంతా రిపోర్టు రాయి. పట్టుచీరతో సహా.”

ఆ సాయంత్రం దళం వెబ్‌సైట్లో ఈపెన్ తన సిగ్గునంతా పేజీ తర్వాత పేజీ టైపు చేశాడు. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, పాలు లేని కట్టన్ చాయ తాగి, మొహం తుడుచుకుని, చివరికి ‘పంపు’ నొక్కాడు.

మీ సెషన్ ముగిసింది. మళ్లీ లాగిన్ అవ్వండి.

“టీచర్, మొత్తం పోయింది!”

“నీ పుణ్యమే. ఇంకెవరి టోకెనూ ఇలా చిక్కకుండా మధ్యాహ్నమే సెషన్ టైము తగ్గించమన్నాను,” అంది ఆవిడ. “మళ్లీ రాయి నాయనా. రెండోసారికి సిగ్గు కాస్త క్లుప్తంగా వస్తుంది.”