నిశాని ఇల్లు ఎక్కడ?

కొండవాగు గెడ్డ పొంగి కోనవలస కల్వర్టును ఎత్తుకుపోయిన ఏడాదికి రెండో ఏడు. చైత్రం. అడవి వేటకు పోయే ఇటుకల పండగ నాలుగు రోజుల్లో ఉందనగా మంగ్లును చంపేశారు.

మంగ్లు కాఫీ తోటలో కూలి. అనంతగిరి పైన సిల్వర్ ఓక్ చెట్లకు ఎవరో యాంటెన్నాలు కడుతుంటే మొదట చూసినవాడు అతనే. విశాఖ రేవులో నేవీ మాట్లాడుకునే సంకేతాలు పట్టి పై దేశానికి చేరవేసే గూఢచారుల రింగ్ అది. మంగ్లు వచ్చి ఏజెంట్ ఫల్గుణకు చెప్పాడు. తరవాత కోనవలసలో ఇంకో పదిమంది చెప్పారు. ఏ చెట్టు, ఏ జీపు, ఏ మనిషి, అన్నీ చెప్పారు. పదకొండు పేర్లూ ఫల్గుణ లాప్‌టాప్‌లో ఉన్నాయి. ఆఫీసుకు పంపింది మంగ్లు పేరు ఒక్కటే. చచ్చిందీ మంగ్లు ఒక్కడే.

పండగ రోజు పొద్దున్నే చీఫ్ దేవీప్రసాద్ ఫోన్ చేశాడు.

"మిగతా పది పేర్లు పంపు."

"పంపిన పేరు ఏమైందో చూశారు కదా సార్."

"సాక్షుల లిస్ట్ లేకపోతే రెయిడ్‌కు పర్మిషన్ రాదు. సాయంత్రంలోగా కావాలి. ఎక్కడ వై-ఫై దొరికితే అక్కడి నుంచి పంపు."

"కాఫీ షాపులోంచా?"

"కాఫీ షాపైతే ఏం? పది పేర్లే కదా, పది సెకన్ల పని. అనూరాధ వస్తోంది, దగ్గరుండి పంపిస్తుంది."

ఫల్గుణ ఫోన్ పెట్టేసి పళ్లు బిగబట్టి కూర్చున్నాడు. పది పేర్లే కదా అట. అతను పుట్టింది ఆ కొండ మీదే. ఆ పదిమందిలో ముగ్గురు అతన్ని చిన్నప్పుడు చంకనేసుకు తిరిగారు.

మెడలో ఐడీ కార్డు వేసుకున్నాడు. వేలిముద్రల యంత్రం జేబులో పెట్టుకున్నాడు. సంతల్లో రేషన్ కార్డులకు ఈ-కేవైసీ చేసే మనిషి వేషం. ఏజెన్సీ కొండల్లో లాప్‌టాప్ మోసుకు తిరిగినా ఎవరూ తల తిప్పి చూడనిది ఆ ఒక్కడినే.

మధ్యాహ్నానికి అనంతగిరి కాఫీ షాపులో ఉన్నాడు. అనూరాధ ముందే వచ్చి కూర్చుంది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కార్ఫ్, టేబుల్ మీద కెమెరా. టూరిస్టులందరూ ఆమెనే చూస్తున్నారు. ఆఫీసులో ఆరేళ్లుగా ఫల్గుణ రిపోర్టులన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి.

"పూత ఎలా ఉంది?" అంది. కోడ్ మాట అది.

"వాన పడితే చెప్తాను." జవాబు కోడ్.

అతను లాప్‌టాప్ తెరిచాడు. పాతది, మూలలు అరిగిపోయింది. లైనక్స్. బ్యాటరీ పద్నాలుగు శాతం. రెండు రోజులుగా కోనవలసలో కరెంటు లేదు. స్క్రీన్ వెలుతురు పావు వంతుకు దించి, బ్లూటూత్ ఆపి ఇక్కడిదాకా లాక్కొచ్చాడు.

"పద్నాలుగా?" ఆమె నవ్వింది. "ఇంకా ఎనభై దగ్గరే ఛార్జింగ్ ఆపేస్తున్నారా ఫల్గుణ గారూ?"

"ఎనభై దగ్గర ఆపితే బ్యాటరీ ఎక్కువ ఏళ్లు బతుకుతుంది మేడమ్."

"నా ఛార్జర్ పెట్టుకోండి."

"ఒకరి వైరు ఇంకొకరి మిషన్‌కు పెట్టను."

వై-ఫై లిస్ట్ తెరిచాడు. షాపు పేరు పైన ఇంకో పేరు కనబడింది. గెస్ట్‌హౌస్-7.

గెస్ట్‌హౌస్-7 విశాఖ బీచ్ రోడ్డులో ఉంది. డిపార్ట్‌మెంట్ రహస్య బస. కొండ మీద దాని సిగ్నల్‌కు పనేమిటి? మామూలు మనిషి లాప్‌టాప్ అయితే పాత పేరు కనబడగానే తనంతట తాను వెళ్లి కలిసిపోయేది. ఫల్గుణ ఆ ఆటో కనెక్ట్ ఎప్పుడో తీసేశాడు. ఇప్పుడు కావాలని నొక్కాడు. పాత పాస్‌వర్డ్‌తోనే తలుపు తెరుచుకుంది. పేరు ఎవడైనా దొంగిలించి పెట్టుకోవచ్చు. పాస్‌వర్డ్ తెలిస్తేనే ఇలా కలుస్తుంది. అది తెలిసినవాళ్లు ముగ్గురు. ఒకడు తను. ఒకడు హైదరాబాద్‌లో ఉన్న చీఫ్. మూడో మనిషి ఎదురుగా కాఫీ తాగుతోంది, హ్యాండ్‌బ్యాగ్‌లో రౌటర్ పెట్టుకుని.

ఫల్గుణకు చెవులు వేడెక్కాయి. మొహం మాత్రం కదల్లేదు.

నాలుగు రోజుల క్రితమే రాసి పెట్టుకున్న రెండో ఫైలు తీశాడు. రోజూ అయితే వీపీఎన్ సొరంగంలోంచి పంపేవాడు. ఇవాళ వీపీఎన్ ఆపేసి, చూసేవాళ్లు చూసుకోండని పంపాడు. ఆమె ఫోన్ చిన్నగా మోగింది. చదివి తలూపింది. నిశాని, జాకర, శంకు... పది పేర్లు. ఊరు కోనవలస.

టేబుల్ కింద పిస్టల్ గొట్టం అతని మోకాలికి తగిలింది.

"లాప్‌టాప్ మూయకు. అలాగే తెరిచి ఉంచి జీపెక్కు. ఇళ్లు చూపిద్దువు గాని."

జీపులో డ్రైవరు, టోపీ పెట్టుకున్న ఒక విదేశీయుడు. ఫల్గుణ చేతులు కట్టేశారు. విదేశీయుడు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కాపీ చేసే స్టిక్ గుచ్చాడు. బ్యాటరీ నాలుగు శాతం. యాంటెన్నాల ఫోటోలు, మంగ్లు గొంతుతో ఉన్న రికార్డింగ్, అసలు పేర్లు, అన్నీ అందులోనే ఉన్నాయి. మూడు శాతం. కాపీకి సిద్ధమవుతోందని స్క్రీన్ మీద గీత కదలడం మొదలైంది. రెండు శాతం.

స్క్రీన్ నల్లబడింది.

అందరి మిషన్లూ ఛార్జింగ్ తగ్గితే నిద్రపోతాయి. నిద్రలో తాళం తెరిచే ఉంటుంది, లేపితే చాలు. ఫల్గుణది నిద్రపోదు. రెండు దగ్గర పూర్తిగా ఆరిపోయేలా పెట్టుకున్నాడు. అనూరాధ గబగబా జీపు సాకెట్‌లో తన ఛార్జర్ గుచ్చి ఆన్ చేసింది. డిస్క్ పాస్‌వర్డ్ ఏమిటని అడిగింది మిషన్.

"నూటికి నూరు నింపుకునే అలవాటుంటే మీకు ఇంకో పావుగంట దొరికేది మేడమ్," అన్నాడు ఫల్గుణ.

ఆమె పిస్టల్ పిడితో అతని దవడ మీద కొట్టింది. "పాస్‌వర్డ్ తరవాత చెప్పిస్తాను. ముందు పేర్ల సంగతి చూద్దాం. ఒక కూలివాడి కోసం ఇంత కోపమా నీకు?"

"వాడికి పేరుంది. నువ్వే కదా అమ్మావు."

కోనవలస మలుపులో జీపు ఆగింది. దారికి అడ్డంగా వెదురు బొంగు. ఇటుకల పండగకు మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు బొంగు కట్టి, పాట పాడి, వచ్చే బళ్లను ఆపుతారు. ఉత్తచేతులతో అడవి దిగిన మగాడి మీద పొయ్యడానికి కుండల్లో పేడనీళ్లు కలిపి ఉంచుతారు. బొంగు దగ్గర నిలబడ్డది సోములమ్మ. మంగ్లు అక్క.

"పండగమ్మా. ఏటన్నా ఇచ్చి కదలండి."

అనూరాధ ఒక నోటు చాపి, తియ్యగా అడిగింది. "నిశాని ఇల్లు ఎక్కడ?"

పాట ఆగిపోయింది.

"ఎవులు?"

"నిశాని. జాకర, శంకు కూడా. ఆధార్‌లో తప్పులున్నాయి, సరిచేయాలి."

వెనక ఒక ముసలామె పకపకా నవ్వింది. "నిశానమ్మకి ఆధార్ ఎప్పుడిచ్చినారే? ఏలిముద్ర ఏటి ఏసింది, రాయి కదా."

సోములమ్మ నవ్వలేదు. మంగ్లును సాగనంపిన రోజే ఫల్గుణ ఆమెకు ఒక మాట చెప్పాడు. దేవుళ్ల ఇళ్లు అడుగుతూ ఎవరైనా వస్తే, మంగ్లును చంపింది వాళ్లే. ఆమె కుండ ఎత్తి చంకన పెట్టుకుని జీపు పక్కకు వచ్చింది.

అనూరాధకు అప్పటికి అర్థమైంది. వెనక్కి తిరిగి పిస్టల్ ఫల్గుణ నుదుటికి ఆనించింది.

"దేవుళ్ల పేర్లు రాసిచ్చావా?"

"ఆరేళ్లు ఈ కొండ రిపోర్టులు చదివావు. ఇక్కడి దేవుడి పేరు ఒక్కటి నేర్చుకోలేదు."

వేలు బిగిసింది. అదే క్షణంలో కుండెడు పేడనీళ్లు ఆమె మొహాన పడ్డాయి. గుండు జీపు టాపులోంచి పోయింది. "మా గుంటడిని నువ్వేనా సంపించింది," అంటూ సోములమ్మ ఆమె జుట్టు పట్టి కిందికి లాగింది. డ్రైవరు మీద నాలుగు కుండలు పడ్డాయి. విదేశీయుడు దూకి అడవి బాట పట్టాడు. ఆ బాటనే మగవాళ్లు విల్లంబులతో దిగుతున్నారు.

పొద్దుటి నుంచి వాళ్లకు కుందేలు కూడా దొరకలేదు. అయినా ఆ ఏడు కోనవలస వేట ఉత్తచేతులతో రాలేదు.

"నీ దవడేటిరా అలా వాచింది?" కట్లు కోస్తూ అడిగింది సోములమ్మ.

"ఏం లేదక్కా."

"ఏం లేదట. బేగి రా, పసుపు రాస్తాను."

మర్నాడు పొద్దున్నే ఫల్గుణ ఒక కోడిపుంజును చంకన పెట్టుకుని నిశాని రాయి దగ్గరికి ఎక్కాడు. అడక్కుండా ఆమె పేరు వాడుకున్నాడు మరి. దిగి వచ్చేసరికి కరెంటు వచ్చింది. సోములమ్మ ఇంట్లో ప్లగ్గుకు లాప్‌టాప్ పెట్టి, గెస్ట్‌హౌస్-7 పేరు అందులోంచి తుడిచేశాడు.

చీఫ్ ఫోన్ చేశాడు. "గుడ్ వర్క్. ముగ్గురూ రెడ్‌హ్యాండెడ్‌గా దొరికారు కాబట్టి రెయిడ్‌కు పర్మిషన్ కూడా వచ్చేసింది. ఫైల్ క్లోజ్ చేయాలి. ఆ పది అసలు పేర్లు ఇప్పుడే పంపు."

"బ్యాటరీ లేదు సార్," అని ఫల్గుణ ఫోన్ పెట్టేశాడు.

లాప్‌టాప్ ఎనభై చూపిస్తోంది. లేచి ప్లగ్గు తీశాడు.