గుర్తులేని సాయంత్రం

ఆదివారం పొద్దున నవీన వడలకు పప్పు రుబ్బుతుంటే, చంద్రకాంతమ్మ కళ్లు నులుముకుంటూ వంటింట్లోకి వచ్చింది.

"ఇంత పప్పు ఎవురికే?"

"జయరాజు వస్తా ఉండాడు కదమా. రమ్మనింది నువ్వేగదా!"

"నేనా? ఆ స్టెల్లా టీచరు కొడుకునా? కల గన్నావా ఏమి!"

నవీన చెయ్యి ఆగిపోయింది.

భర్త పోయి, మరమగ్గాలు అమ్మేశాక, నగరిలోని ఆ ఇంట్లో చప్పుడు లేక చంద్రకాంతమ్మకు నిద్ర కరువైంది. డాక్టరు మాత్ర రాసిచ్చాడు. అది మింగి కాసేపయ్యాక చూడాలి ఆమెను! కులం, మతం, ఊరోళ్ల నోళ్లు, ఏవీ గుర్తుండవు. నిన్న పొద్దుగూకగానే మాత్ర వేసుకుని, కూతురికి జడ అల్లుతూ, ఎక్కడో తేలిపోతున్నట్టు ఏదో లాలి కూనిరాగం తీసింది. "ఆ పిల్లోడ్ని రేపు రమ్మను పాపా. నువ్వు నవ్వతా ఉంటే నాకింకేం గావాల?" అంది. జయరాజును మనసులో పెట్టుకుని ఎన్నాళ్లుగానో ఆ ఒక్క మాట కోసం కాచుకున్న పిల్ల, ఆగుతుందా? అప్పుడే జయరాజుకు ఫోన్ చేసేసింది.

"మత్తులో ఉండేదాని దగ్గర మాట గుంజుకుంటావా? సిగ్గులేదా నీకు?"

"నేను అడగనే లేదుమా! మత్తు లేనప్పుడు నువ్వు నా తల నిమిరి ఎన్నాళ్లయిందో తెలుసా?" నవీనకు ఏడుపు తన్నుకొచ్చింది. అయినా ఫోన్ తీసి, "రావద్దు జయరాజూ. అమ్మకు గుర్తులేదు. మత్తులో ఇచ్చిన మాట నాకొద్దు" అంది.

చంద్రకాంతమ్మ పీటమీద కూలబడింది. నువ్వే అన్నావని పట్టుబట్టొచ్చు కదా ఈ పిల్ల!

"నిన్న ఇంకా ఏం జేసినానే? సెప్పు."

నవీన చెప్పింది. జడ, లాలి, అన్నీ. ఎవరింటి సంగతో విన్నట్టు విన్నది తల్లి. ఎంత వెతుక్కున్నా ఒక్క ముక్క గుర్తురాలేదు. బిడ్డతో అంత చల్లటి సాయంత్రం గడిచిపోతే, అందులో తను లేనేలేదు! కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

డాక్టరును అడిగి మెల్లమెల్లగా మాత్ర మానుకుంది. ఇంకో ఆదివారం పప్పు తనే నానబోసి, జయరాజును పిలిపించింది.

"నాయనా, రాత్రి మాత్ర ఏసుకోలా. నిద్రా పట్టలా. నాకింకా బయంగానే ఉండాది. అయినా తెలిసే సెప్తా ఉండా, నా బిడ్డను నీకిస్తా."

నవీన వెక్కివెక్కి ఏడుస్తుంటే తల్లి దువ్వెన అందుకుంది.

"ఇట్లా కూసో పాపా. ఈ జడన్నా నాకు గుర్తుండనీ."