ఎదురుగా కూర్చున్నవాళ్ళకి మూడేళ్ళు

"మీకు బుద్ధుందా?"

మూడేళ్ళ కిందట యేరిమ్ గిచాన్‌తో అన్న మొట్టమొదటి మాట ఇది. అప్పటికి అతని పేరు కూడా తెలీదు.

తప్పు అతనిదేలెండి. సోరే పల్లెలో పెంకుటింటి హోటలు. చెక్క బల్ల చుట్టూ చాపల మీద ఆరుగురు. యేరిమ్ స్నేహితురాళ్ళు మిరే, బోరమ్, వాళ్ళ బాయ్‌ఫ్రెండ్లు. మిరే మనిషి దోహ్యోక్ వెంటేసుకొచ్చిన కాలేజీ స్నేహితుడు ఈ గిచాన్. తిన్నగా వచ్చి యేరిమ్‌కి ఎదురుగా కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకోవచ్చు కదా! సత్తు కెటిల్ అందుకుని బియ్యపు కల్లు తన గిన్నెలో తనే వంపేసుకున్నాడు.

బల్లంతా గొల్లుమంది. ఎవరి గిన్నె వాళ్ళు నింపుకోకూడదు, ఇంకొకళ్ళు పోయాలి. కాదని పోసుకుంటే ఎదురుగా కూర్చున్నవాళ్ళకి మూడేళ్ళదాకా జోడీ దొరకదు. వాళ్ళ దేశంలో చిన్నపిల్లల్ని లేపి అడిగినా చెప్తారు.

"అయ్యో, మర్చిపోయాను," అన్నాడు గిచాన్.

"మర్చిపోతారా? ఏ దేశంలో పుట్టారండీ మీరు?"

"సరే సరే. మూడేళ్ళయ్యాక శాపవిమోచనం కూడా నేనే చేస్తాను, మాటిస్తున్నాను. ఈలోపు తిట్టుకోండి."

యేరిమ్ ఆ మాట పట్టుకుని బాగా తిట్టింది. అతని పుట్టినరోజుకి ఫోన్ చేసి తిట్టింది, కొత్త సంవత్సరానికి చేసి తిట్టింది. తిట్టి తిట్టి 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. మిరే చూపించిన సంబంధాలు రెండూ తిప్పికొట్టింది. ఒకడు నమిలేటప్పుడు చప్పుడు చేస్తాడంది. రెండోవాడు అసలు చప్పుడే చెయ్యడంది. అందరూ గిచాన్ వైపు వేలు చూపించి నవ్వారు. అసలు సంగతి యేరిమ్‌కి ఒక్కదానికే తెలుసు. ఆమెకి గిచాన్ తప్ప ఎవరూ అక్కర్లేదు. ఆ ముక్క అతనితో చెప్పబోయి ప్రతిసారీ ఇంకో తిట్టు తిట్టేది.

మూడేళ్ళు తిరిగి మళ్ళీ ఆగస్టు వచ్చింది. అదే పల్లె, అదే ఎండ, చెవులు చిల్లులు పడేలా అవే కీచురాళ్ళు. ఈసారి తేడా ఒక్కటే. బడిపంతులు గిచాన్‌కి ఉల్లుంగ్ దీవికి బదిలీ అయింది. మూడేళ్ళు. సాయంత్రం అయిదింటి బస్సుకి రేవుకి వెళ్ళిపోతాడు, పొద్దున్నే పడవ.

ఈ కబురు యేరిమ్‌కి వారం కిందట మిరే చెప్పింది. ఆ రాత్రి ఒంటిగదిలో ఫ్యాన్ ముందు కూర్చుని, చల్లారిన నూడుల్స్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, 'నాకు ఫోన్ చేసి చెప్పడానికేం?' అని గోడని అడిగింది.

పల్లె మొదట్లోనే పాతకాలపు బట్టలు అద్దెకిచ్చే కొట్టు ఉంది. జంటలు రెండూ ఎగబడ్డాయి. కొట్టు పెద్దావిడ యేరిమ్‌నీ గిచాన్‌నీ పైనుంచి కిందదాకా చూసింది.

"మీరూ తీసుకోండమ్మా. జంటలకి పూల చెప్పులు ఊరికే ఇస్తాను."

"మేం జంట కాదు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"నోరు మాత్రం ఒకటే ఉన్నట్టుంది," అందావిడ.

తనూ అదే మాట అంది, నిజమే. కానీ అతను ఠక్కున అనేసరికి యేరిమ్‌కి ఒళ్ళు మండింది. అద్దె బట్టలు వద్దంది. గిచాన్ కూడా వద్దన్నాడు.

ఇక ఆమెకి మామూలు ఉద్యోగమే, ఫోటోలు తియ్యడం. రాతిగోడ పక్కన మిరే జంట. గడ్డికప్పు కింద బోరమ్ జంట. "ఇంకొక్కటే, ఇంకొక్కటే!" మూడేళ్ళ ఫోటోల్లో అందరూ ఉన్నారు, యేరిమ్ తప్ప. ఆ మాట ఎవరికీ తట్టలేదు. ఆమె కూడా ఎప్పుడూ అనలేదు.

గిచాన్ పక్కనే ఫోన్‌కి ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఎన్నడూ లేనిది, యేరిమ్ అతన్ని ఒక్క తిట్టూ తిట్టలేదు.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాడు చివరికి.

"ఎండ."

మధ్యాహ్నం దాటాక అదే హోటల్లో అదే బల్ల. ఉల్లికాడల అట్టు సగమైందో లేదో, కుండపోతగా వాన. అద్దె బట్టలు నాలుగున్నరలోపు తిరిగిచ్చేయాలి. మిరే, బోరమ్ కెవ్వుమని లేచారు. రెండు గొడుగులు, గొడుగుకి ఇద్దరు, చూరు దాటి పరిగెత్తారు. బల్ల దగ్గర ఇద్దరు మిగిలారు, ఎదురూ బొదురూ.

గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది.

"ఇవాళ్టికి సరిగ్గా మూడేళ్ళు," అన్నాడు గిచాన్. "మాటిచ్చాను కదా."

రెండు చేతులా కెటిల్ ఎత్తి, పూజారిలా మొహం పెట్టి యేరిమ్ గిన్నె నింపాడు. "ఓ కన్యామణీ! నీ శాపం తీరింది. పో, నచ్చినవాణ్ణి చూసుకో."

నవ్వాలి. నవ్వు రాలేదు. ఆ పనికిమాలిన శాపం పేరు చెప్పుకునే కదా ఇన్నాళ్ళూ ఫోన్ చేసింది! అదీ తీరిపోతే, ఇక ఏ వంక పెట్టుకుని ఆ దీవికి ఫోన్ చెయ్యాలి?

"అంతేనా?" అంది.

"అంతే."

"ఒక్కడివే ఏం చేస్తావక్కడ?"

"చేపలు పడతాను. బళ్ళో పదకొండు మందే పిల్లలట. ఒక మ్యూజిక్ టీచరు కూడా ఉందట, పెళ్ళి కాలేదట. దోహ్యోక్ అప్పుడే ఆరా తీసేశాడు."

యేరిమ్ గిన్నె ఎత్తి గటగటా తాగేసింది. ఖాళీ గిన్నె చూడగానే గిచాన్ చెయ్యి అలవాటుగా కెటిల్ వైపు వెళ్ళింది. ఆమె కెటిల్ లాగేసుకుంది.

"ఏయ్, ఇటివ్వు. నేను పోస్తాను."

"అక్కర్లేదు."

"యేరిమ్, ఎదురుగా నేనున్నాను."

"నాకు కళ్ళున్నాయి."

అతని మొహంలోకే చూస్తూ తన గిన్నెలో తనే పోసుకుంది. నిండింది, పొర్లింది, బల్ల మీద అతని వైపుకి పారింది. అయినా ఆపలేదు.

"మూడేళ్ళు," అంది. "మ్యూజిక్ టీచరు కాదు కదా, దాని అక్క కూడా రాదు. ఎవరూ రాకూడదు నీ దగ్గరికి."

గిచాన్ గోడ గడియారం చూశాడు. బ్యాగు తీసుకుని లేచాడు.

అయిపోయింది, అనుకుంది యేరిమ్. తల వంచుకుని గిన్నెలోకి చూస్తూ కూర్చుంది. గడప దాటే అడుగుల కోసం చెవొగ్గింది. వినబడలేదు. బ్యాగు దబ్బున ఆమె పక్కన పడింది. దాని పక్కన గిచాన్ కూలబడ్డాడు.

"తగిలేది ఎదురుగా కూర్చున్నవాళ్ళకే కదా," అన్నాడు. "నేనిప్పుడు ఎదురుగా లేను."

యేరిమ్ గిర్రున అతని వైపు తిరిగింది.

"ఆ రోజు నేను మర్చిపోయి పోసుకున్నానని నమ్మేశావా, పిచ్చిదానా? నువ్వు లోపలికొస్తూ ఆ పొట్టి గుమ్మానికి తల కొట్టుకుని, గుమ్మానికే సారీ చెప్పావు. ఈ పిల్లకి ఎవడూ దొరక్కూడదు దేవుడా అనుకున్నాను. చేతికి కెటిల్ అందింది."

"మరి మూడేళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"టైముంది కదా అనుకున్నాను. ఫోన్ చేసినప్పుడల్లా తిట్టావు. నిజంగానే కోపమనుకున్నాను. ఇవాళ్టితో గడువైపోతుందని పొద్దున్నుంచీ నా గుండె గుండెల్లో లేదు."

"కోపమే!" అని బావురుమంది యేరిమ్.

హోటలు నడిపే పిన్నిగారు వేడి అట్టు పట్టుకొచ్చి ఇద్దర్నీ చూసింది. "ఇంత బల్ల పెట్టుకుని ఒక్క పక్కనే ఇరుక్కున్నారేమిటర్రా?" అని, బల్ల మీది కల్లు తుడిచి, ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

బస్సుకి బయల్దేరేలోపు మిగిలింది పావుగంట. మూడేళ్ళు వృథా చేసినవాళ్ళకి పావుగంట ఏ మూలకి? ఉన్నంతలో అట్టు తుంచి తిన్నారు. సెప్టెంబరు రెండో శనివారం యేరిమ్ ఆ దీవికి వెళ్ళే పడవ ఎన్నింటికో రాసుకున్నారు.

బస్సు స్టాపు దగ్గర మిరే జరిగింది విని, యేరిమ్ చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "పోవే, నువ్వెళ్ళి నిలబడు. ఇవాళ నేను తీస్తాను." ఫోటోలో యేరిమ్ కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. గిచాన్ చొక్కా మీద కల్లు మరక ఉంది.

బస్సు వెళ్ళిపోయింది. వాన వెలిసి కీచురాళ్ళు మళ్ళీ అందుకున్నాయి. వీళ్ళ బస్సు ఆరింటికి. అందరూ మళ్ళీ ఆ బల్ల దగ్గరికే చేరారు. గిచాన్ మొదట ఎదురుగా కూర్చున్న చోట చాప పొర్లిన కల్లుతో ఇంకా తడిగా ఉంది. పొద్దున ఉన్న దిగులు ఎక్కడికీ పోలేదు. రేపు ఆ ఒంటిగదిలో అన్నం ఒక్కతే తినాలి.

యేరిమ్ గిన్నె చాపింది. "పొయ్యవే, మిరే."

"ఎదురుగా ఎవరూ లేరు కదే. నువ్వే పోసుకో."

యేరిమ్ ఎదుటి ఖాళీ చోటు వైపు చూసింది.

"వద్దులే, ఎందుకొచ్చిన గొడవ," అంది గిన్నె ఇంకా ముందుకి చాపి. "నువ్వే పొయ్యి."