ఎవరూ చదవని లైను

"మీ ఫొటోలు చాలా బావున్నాయండీ. కాకపోతే ఆ సంగతి మీకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలీదు."

మొదటిసారి నా స్టూడియో మెట్లెక్కి వచ్చి, కుర్చీ దుమ్ము దులుపుకుని, ల్యాప్‌టాప్ తెరిచిన ఐదు నిమిషాలకే ఆ అమ్మాయి అన్న మాట అది. నాకు ఒళ్లు మండింది.

"నా బ్లాగుకి నెలకి ముప్ఫై మంది వస్తారు," అన్నాను.

"అవును. అందులో ఇరవై రెండు సార్లు మీరే వచ్చారు. మిగతావి మీ అక్క."

ఈవిడని పంపిందే మా అక్క. ఇద్దరిదీ ఒకే ఆఫీసు. వెబ్‌సైట్లని సెర్చ్‌లో పైకి తేవడం ఈవిడ పని. అక్క పెట్టిన షరతు ఒక్కటే: మూడు నెలల్లో బ్లాగు చూసి ఒక్కరైనా నాకు పని ఇవ్వాలి. లేదంటే కెమెరా అటకెక్కించి బావగారి టైల్స్ షాపులో కూర్చోవాలి. టైల్స్ మీద నాకు పగేమీ లేదు. కానీ జన్మంతా వాటి మధ్య కూర్చోవడమంటే గుండె జారిపోయింది.

"పెళ్లి ఫొటోల పోస్టుకి 'మౌనం' అని పేరేంటండీ?"

"అందులో ఒక ఫీల్ ఉంది."

"ఫొటోగ్రాఫర్ కావాల్సినవాళ్లు మౌనం అని టైప్ చేసి వెతుకుతారా? దీని తర్వాతది 'మౌనం రెండు'. ఆ తర్వాత..."

"మూడు," అన్నాను నీరసంగా.

మనసులో ఆమెకి సెర్చ్ మేడమ్ అని పేరు పెట్టుకున్నాను. ప్రతి మంగళవారం వచ్చేది. ఆమె దెబ్బకి 'మౌనం' కాస్తా 'చిన్న హాల్లో పెళ్లి ఫొటోలు ఎలా తీశాను' అయింది. నంబర్లతో తిరిగే ఫొటోలకి పేర్లు వచ్చాయి. పేజీ తెరుచుకోనివ్వకుండా అడ్డం పడుకున్న భారీ ఫొటోలన్నీ చిక్కిపోయాయి. అన్నిటికన్నా నన్ను ఏడిపించింది ఆల్ట్ టెక్స్ట్. అంటే ప్రతి ఫొటో వెనకా, పైకి కనపడకుండా, అందులో ఏముందో చెప్పే ఒక లైను.

"కవిత్వం వద్దు. ఏముందో అది రాయండి," అంది.

"ఇది ఎవరు చదువుతారు?"

"ముందు మీరు రాయండి మహానుభావా!"

మెషిన్ కోసమే కాబోలు, మనుషులెవరూ చదవరని నాకు నేనే తీర్మానించుకున్నాను. నా కొంప ముంచింది ఆ తెలివే.

పదో మంగళవారానికి బ్లాగు సెర్చ్‌లో తొమ్మిదో పేజీ నుంచి రెండో పేజీకి వచ్చింది. ఫోను మాత్రం మోగలేదు. ఆ రోజు బయట వాన దంచుతోంది. పోర్ట్రెయిట్ పేజీకి ఒక శాంపిల్ ఫొటో కావాలంది.

"మీరే కూర్చోండి," అన్నాను.

"నా మొహం ఫొటోలకి పనికిరాదు."

"అది చెప్పాల్సింది కెమెరా."

కిటికీ పక్కన కూర్చుంది. నేను లెన్సు మూత తీయకుండానే మూడుసార్లు నొక్కానని తెలిసి పగలబడి నవ్వింది. నాలుగోసారి మూత తీశాను. ఫొటో చూసి, "సరే, పెట్టుకోండి," అని తనే ఒప్పుకుంది.

పన్నెండో వారం అక్క ఫోన్ చేసింది. "గడువైపోయిందిరా. సోమవారం నుంచి షాపుకి రమ్మంటున్నారు మీ బావ."

సరేనన్నాను. ఆ ఫొటో వెనక లైను ఒక్కటే మిగిలి ఉంది. ఎలాగూ మూసేసే బ్లాగే కదా అని, మనసులో ఉన్నదంతా రాసేశాను.

శనివారం సాయంత్రం లెన్సులు అట్టపెట్టెలో సర్దుతుంటే మెట్ల మీద ఇద్దరి అడుగుల చప్పుడు. సెర్చ్ మేడమ్, ఆమె మోచెయ్యి పట్టుకుని వాళ్లమ్మగారు. నల్ల కళ్లద్దాలు, చేతిలో ఫోను. ఆమెకి చూపు లేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"మా అమ్మాయి పనిచేసిన ప్రతి సైటూ, ఫొటోల వెనక లైన్లతో సహా, ఈ ఫోనులో వింటాను బాబూ," అంటూ ఆమె ఫోను నొక్కారు. రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్ గొంతుతో అది చదివింది.

"ఫొటో. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి. ఎడమ నుంచి వాన వెలుతురు. గుండ్రటి మొహం, ఒత్తయిన కనుబొమలు. నవ్వు ముందు కళ్లలోకి వచ్చి, తర్వాత పెదాల మీదికి వస్తుంది. ఈమె వస్తుందని నేను మంగళవారాలు షర్టు ఇస్త్రీ చేసుకుంటాను. ఆ మాట ఈమెకి చెప్పే ధైర్యం నాకు లేదు."

దాక్కుందామంటే ఆ గదిలో అట్టపెట్టె తప్ప చోటు లేదు.

"దీనికి ఆరేళ్లప్పుడు నా చూపు పోయింది," అన్నారు వాళ్లమ్మగారు. "నాకు తెలిసింది ఆ ఆరేళ్ల మొహమే. ఇప్పుడెలా ఉంటావే అని అడిగితే, బానే ఉంటానమ్మా అంటుంది. పెద్దదైన నా కూతుర్ని మొన్ననే మొదటిసారి చూశాను బాబూ."

చేతిలోని లెన్సు అట్టపెట్టెలో కాకుండా బల్ల మీద పెట్టాను.

ఆమె చూపులేని పిల్లల బడిలో పాటల టీచరట. "మా బడి వెబ్‌సైటుకి ఏడాది పాటు ఫొటోలు కావాలి. తీసేవాళ్లు చాలామందే ఉన్నారు. తీసింది మా పిల్లలకి చెప్పేవాళ్లే లేరు. హెడ్‌మిస్ట్రెస్ గారికి నీ బ్లాగంతా వినిపించాను. సోమవారం రాగలవా?"

బావగారు గుర్తొచ్చారు. వెంటనే మర్చిపోయాను. "తప్పకుండా వస్తానండీ!"

సెర్చ్ మేడమ్ ఇంతసేపూ గోడ వైపు తిరిగి నిలబడింది. దగ్గరికి వెళ్లి, "కోపం వచ్చిందా? ఆ లైను తీసేస్తాను," అన్నాను.

"మీరు రాసిన రోజే చదివాను."

"ఏంటీ?"

"మీ ప్రతి లైనూ చెక్ చేయడమే కదా నా పని? అమ్మ వింటుందనీ తెలుసు."

"మరి తీసేయలేదేం?"

"చెయ్యి రాలేదు." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "కానీ చివరి వాక్యం మార్చాలి. పేజీలో తప్పుడు సమాచారం ఉండకూడదు."

"ధైర్యం లేదన్నదా? అది నిజమేనండీ."

"నిజం కాకుండా చేయండి మరి."

గాలి పీల్చుకుని, మీరంటే నాకు చాలా ఇష్టమని చెప్పేశాను. ఆమె తల దించుకుని, "నాకూ," అంది.

"ఏమన్నాడే?" అన్నారు వెనక నుంచి వాళ్లమ్మగారు. "నాకు సరిగ్గా వినపడలేదు. బాబూ, కాస్త గట్టిగా చెప్పు!"