రేకుపొడి కలిపిన అలుకు

ఇల్లలకగానే పండుగ కాదంటారు గానీ, సంగనకల్లు యల్లమ్మకు ఇల్లలకడమే పండుగ. ఆ శుక్రవారం పొద్దున కూడా పేడ కలుపుకుని, మూలనున్న డబ్బాలోంచి గుప్పెడు తెల్లపొడి తీసింది. అది పేడలో పడేలోపే దగ్గు తెరలు తెరలుగా వచ్చి గోడకు ఒరిగిపోయింది.

ఆమె మొగుడు శివన్న ఇరవై ఎనిమిదేళ్లుగా ఆస్బెస్టాస్ సిమెంటు రేకులు కోసి ఇళ్లకు కప్పులేసే మేస్త్రి. రంపం కింద రాలిన పొడిని అతడు ఏనాడూ పారేయలేదు. అది కలిపి అలికితే మట్టినేల నెర్రెలివ్వదని కనిపెట్టింది తనేనని మురిసిపోతూ, అడిగినవాళ్లకల్లా డబ్బాలకు డబ్బాలు ఊరికే పంచాడు.

కాన్పుకు పుట్టింటికి వచ్చిన మంజుశ్రీ, నిండు పొట్టతోనే గబగబా వచ్చి తల్లి చేతిమీద చెంబెడు నీళ్లు కుమ్మరించింది.

"దాన్ని ముట్టొద్దంటి గదమ్మా."

"ఏందే నీ చాదస్తం? నువ్వు ఈ నేలమీదనే పాకినావు. రేపు నీ బిడ్డా ఈడనే పాకుతాది."

"పాకదు. నా బిడ్డను ఈ నేలమీద దించను. కాన్పయితానే సత్యనారాయణపేటకు, మా అత్తగారింటికి పోతా."

యల్లమ్మ ముఖం వాడిపోయింది. మనవడో మనవరాలో ఈ ఇంట్లో పాకితే చూడాలన్నది ఆమెకు మిగిలిన ఒకే ఒక్క ఆశ. డాక్టరు ఆమెకు ఏడాది కూడా గడువివ్వలేదు.

గడపలో టీ తాగుతున్న శివన్నకు ఒళ్లు మండింది. "సుమ్నె ఉండు మంజూ, నోరెత్తొద్దు. వచ్చినప్పట్నుంచీ అమ్మను ఏడిపిస్తాండావు."

"ఏడిపించేది నేను గాదు నాయినా, ఆ పొడి. అమ్మ ఊపిరితిత్తుల పొరకు పట్టిన కేన్సర్ రేకుల దుమ్ముతోనే వచ్చిందని నిన్న డాక్టరు నీతోనే గదా చెప్పింది."

జబ్బు దేనివల్ల వచ్చిందో యల్లమ్మకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆమె తడిసిన గుప్పిటను మెల్లగా తెరిచి చూసుకుంది.

"కోసింది నేను, ఇన్నేండ్లు దుమ్ము మింగింది నేను," అన్నాడు శివన్న మొండిగా. "నాకు రానిది ఆమెకెట్ల వస్తాది?"

"నువ్వు బయట గాలిలో కోసినావు. అమ్మ ఈ నాలుగు గోడల మధ్య ఎండిన అలుకును దినామూ ఊడ్చింది."

మంజుశ్రీ సంచిలోంచి ఒక కాగితం తీసింది. ఆ రేకులను నిషేధించమని, వాటి దుమ్ముతో జబ్బుపడినవాళ్లు కలిసి సర్కారుకు రాసిన అర్జీ అది.

"సోమవారం వాళ్లు దీన్ని డీసీ ఆఫీసులో, కలెక్టరు చేతికి ఇస్తారు. రేకులు కోసిన మనిషి మాట కావాలంట. జరిగింది రాసియ్యి నాయినా."

"ఏమని రాసియ్యాల? నా పెండ్లాన్ని నేనే సంపుకున్నానని రాయాల్నా?"

అంత మాట తన నోటే వచ్చేసరికి శివన్న కుప్పకూలాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

యల్లమ్మ పాకుతున్నట్టే వచ్చి అతని పక్కన చతికిలబడింది. మాటమాటకూ ఊపిరి అందటం లేదు.

"నువ్వు తెలిసి తెచ్చినావా? నేను తెలిసి అలికినానా? ఇప్పుడు తెలిసింది గదప్పా. భీమేష్ ఇంట్లో పాకే బిడ్డ ఉండాది. పోయిన నెల వాళ్లకు డబ్బా నిండా ఇచ్చినా. తెలిసీ ఊరకుంటే, అది మనం సంపినట్టే."

మంజుశ్రీ తల్లిని పొదివి పట్టుకుంది. "నువ్వే నాతోపాటు వచ్చేయమ్మా. నా బిడ్డ ఈ నేలమీద గాకుంటే నీ ఒళ్లో ఆడుతాది."

శివన్న అక్షరాలు కూడబలుక్కుంటూ అర్జీ కింద రెండు ముక్కలు రాసి, సంతకం పెట్టాడు. చెప్పులు కూడా వేసుకోకుండా మూడిళ్ల అవతలి భీమేష్ ఇంటికి నడిచాడు. ఆ మూడిళ్ల దూరం ఎంతకీ తరగలేదు.

వాకిట్లో భీమేష్ భార్య ఆశ పేడ కలుపుతోంది. ఆమె వెనక పసిది ఎండిన నేలను అరచేతులతో చరిచి, ఆ చేతులు నోట్లో పెట్టుకుంటోంది. శివన్నను చూడగానే ఆశ నవ్వుతూ ఖాళీ డబ్బా అందించింది.

"మంచి టైముకు వచ్చినావు మామా. పొడి అయిపోయింది. ఇంకో డబ్బా ఇస్తావా?"

శివన్న డబ్బా అందుకున్నాడు.

"అమ్మీ, ముందు బిడ్డను ఎత్తుకో," అన్నాడు. "ఎత్తుకున్నాక చెప్తా, నేనేం జేసినానో."