రొట్టె పట్టిచ్చిన లెక్క

లింబాద్రి చనిపోయిన రోజు సౌదీలోని తబూక్‌లో గాలిదుమారం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడని క్లినిక్ రాసింది. హత్య అని ఢిల్లీ నుంచి గూఢచారి విభాగం ప్రేమలత మేడమ్ హన్మాండ్లుకు ఫోన్లో చెప్పింది.

బ్రీఫింగ్ రెండు నిమిషాలు. లింబాద్రి, మతీన్ ఒకే లేబర్ క్యాంపులో పన్నెండేళ్లు సిమెంటు రేకులు కోసినవాళ్లు. సైనిక మ్యాపులు కొనే విదేశీ ముఠా నాయకుణ్ని చూసింది ఆ ఇద్దరే. ఇద్దరికీ ఒకటే జబ్బు, ఒకటే క్లినిక్. రేపు పదింటికి మతీన్‌కు రేడియేషన్. ఒకే సిట్టింగ్, పెద్ద డోసు.

"లోపల మన మనిషి ఉంది. డోసు లెక్కలు చూసే ఫిజిసిస్ట్ అఫ్షాన్. కోడ్ వర్డ్, ఏసీ చల్లగా లేదు. ఆమెను కూడా నమ్మొద్దు, హన్మాండ్లూ."

ఏజెంట్ హన్మాండ్లు సరేనన్నాడు. ముఠా మీద కన్నేసే ఈ పనిలోకి లింబాద్రిని తెచ్చింది తనే.

మర్నాడు ఏడింటికి ఏసీ మెకానిక్ నీలం డ్రెస్‌లో లోపలికి వెళ్లాడు. అఫ్షాన్ కోడ్ వర్డ్ విని నవ్వింది. ఆమె దగ్గర ఖరీదైన ఊద్ అత్తరు వాసన. మెషీన్ చెకింగ్ పాసైందని చెప్పి వెళ్లిపోయింది.

రోజూ ఆ చెకింగ్ నీళ్ల పెట్టెతోనే చేస్తారు. లింబాద్రి ఉన్నన్నాళ్లూ అది పాసే. కానీ ఊపిరితిత్తిలో ఉండేది చాలావరకు గాలి. కిరణం దాన్ని తేలిగ్గా దాటుతుంది. కంప్యూటర్‌లో డోసు లెక్క కట్టే టేబుల్లో ఎవరైనా దాన్ని నీళ్లంత చిక్కనిదిగా మారిస్తే, కిరణం దారిలో తగ్గిపోతుందనుకుని మెషీన్ ఎక్కువ డోసు పంపుతుంది. నీళ్ల పెట్టెకు ఆ తేడా తెలియదు.

హన్మాండ్లు బకాలా కొట్టు నుంచి తెచ్చిన సమూలీ రొట్టెలను రెండు నీళ్ల పెట్టెల మధ్య పేర్చాడు. అడుగున డిటెక్టర్ దాచిన పెన్ను పెట్టాడు. లింబాద్రి చావు మీద అనుమానంతో సాయానికి ఒప్పుకున్న టెక్నీషియన్ సృజన వింతగా చూసింది.

"మెషీన్‌కు నాస్తానా అన్నా?"

"రొట్టెల గాలే ఎక్కువ గదమ్మా. స్కాన్ చేసి, లెక్క కట్టి, ఒకసారి కిరణం కొట్టు."

పెన్నుకు తగలాల్సిన డోసు కంప్యూటర్ లెక్కలో వంద. తన గదికి పోయి పెన్నును రీడర్‌లో పెడితే నూట ముప్పై వచ్చింది.

అప్పుడు టైమ్ పది. హన్మాండ్లు పరుగెత్తాడు. మెషీన్ గది తలుపు మూసి ఉంది. లోపల బల్ల మీద మతీన్. కన్సోల్ ముందు అఫ్షాన్, స్క్రీన్ మీద మూడు, రెండు. ఆమె భుజం మీదుగా చెయ్యి చాచి మెషీన్ ఆపే ఎర్ర బటన్ నొక్కాడు.

ఆమె కంగారు పడలేదు. "గోలీ కాల్చలె, విషం పెట్టలె. టేబుల్ల ఒక్క నంబర్ మార్చిన. దానికే అట్ల చూస్తవేంది భాయ్?"

హన్మాండ్లు ఆమె ముందున్న మైకు లాగేశాడు. ఇరవై అయిదు రోజులు ఈ గొంతే మైకులో లింబాద్రికి చెప్పింది, ఊపిరి బిగబట్టన్నా అని. అతను బుద్ధిగా బిగబట్టాడు. బయటికొచ్చి రోజూ థాంక్స్ చెప్పేవాడట.

ముఠా సొమ్ము తిన్న ఆమెను పోలీసులు తీసుకెళ్లారు. ముఠా నాయకుడి ఫొటోను మతీన్ గుర్తుపట్టాడు. టేబుల్ సరిచేశాక, మూడో రోజు అతనికి సరైన డోసు ఇచ్చారు. బయటికి రాగానే మతీన్ అడిగిన మొదటి మాట, ఆ సమూలీలు ఎవరన్నా తిన్నారా అని.

లింబాద్రి డెత్ సర్టిఫికెట్‌లో జబ్బు అనే ఉంది. అతని భార్య ముత్యవ్వకు హన్మాండ్లు ఇంకా ఫోన్ చేయలేదు.