తడి పిచ్చుక

"వాన జాకెట్‌కు చిల్లులు పొడిపించింది ఎవరు? నువ్వు కాదా?"

బడి వరండాలో గోల్‌కీపర్ కెప్టెన్‌ను నిలదీసింది. బంతిని పోనివ్వదని జట్టంతా ఆమెను గోడ అంటారు. ఇవాళ గోడ వణుకుతోంది. కొత్త జాకెట్ విప్పితే, లోపలి చొక్కా మీద తడి మరక. అచ్చం పిచ్చుక ఆకారం.

"గోడకే నెమ్మెక్కింది," అని ఎవరో నవ్వారు. నవ్వినవాళ్ల చొక్కాల మీదా తడి పిచ్చుకలే.

"రేపు వానలోనే మ్యాచ్. ఇది వేసుకుని నేను రాను," అంది గోడ.

కెప్టెన్ తల దించుకుంది. పిచ్చుక జట్టు గుర్తు. దాన్ని దారంతోనే కుట్టించాలని పట్టుబట్టింది తనే. లోగోలు వేసే షాపు పిన్నిదే. సూది పెడితే నీళ్లు దిగుతాయేమోనని పిన్ని గొణిగింది. గొణిగి ఊరుకుంది. కోచ్ సార్ సరేనని తలూపారు. తప్పంతా ఒక్క పిల్ల నెత్తిన రుద్దితే అది అన్యాయం.

కెప్టెన్ వాళ్ల అమ్మ కూడా చిన్నప్పుడు ఇదే జట్టులో ఆడింది. పసితనంలో కెప్టెన్, అమ్మ భుజాన పడుకుని, పాత జాకెట్ మీది పిచ్చుకను తడుముతూ నిద్రపోయేది. రెక్క దగ్గర దారం ఉబ్బెత్తుగా ఉండేది. ముక్కు దగ్గర ఒక పోగు ఊడి వేలాడేది. ఆ గరుకు ఇప్పటికీ వేలికి గుర్తే.

సాయంత్రం ఆ జాకెట్‌ను పెట్టెలోంచి తీసింది. మందమైన నూలు గుడ్డ.

"అమ్మా, నీ పిచ్చుక వానకెలా తట్టుకుంది?"

"వానకా? చినుకు పడితే జాకెట్‌ను మడిచి సంచిలో దాచేసి, తడుస్తూ పరిగెత్తుకొచ్చేదాన్ని. మీ అమ్మమ్మ వీపు మీద ఒక్కటేసేది. 'జాకెట్ నిన్ను కాయాలా, నువ్వు జాకెట్‌ను కాయాలా' అని."

ఇద్దరూ నవ్వారు. కెప్టెన్ జాకెట్‌ను ముఖానికి ఆనించుకుంది. పాత సబ్బు వాసన. అప్పుడు గుర్తొచ్చింది. ఆటలో వేసుకునే జెర్సీలకూ కుట్టే వేయమని చెప్పింది. అవి ఇంకా పిన్ని దగ్గరే ఉన్నాయి.

గోడను వెంటబెట్టుకుని షాపుకు పరిగెత్తింది. పిన్ని మిషన్ మీద మొదటి జెర్సీ బిగిస్తోంది. ఉల్లిపొరలాంటి గుడ్డ, కుట్టు పడితే ముడుచుకుపోయేది.

"రా తల్లీ. నీ పిచ్చుకలకు ఇప్పుడే దారం ఎక్కిస్తున్నా."

"ఆపు పిన్నీ." కెప్టెన్ గోడ వైపు తిరిగింది. "వేసుకునేది నువ్వు. నీకెలా కావాలి?"

గోడ గుడ్డను నలిపి చూసింది. "ఒంటికి గుచ్చుకోకూడదు. చెమట పడితే అట్టలా అంటుకోకూడదు."

"అయితే కుట్టూ వద్దు, స్టిక్కరూ వద్దు. రంగు గుడ్డలోకే ఇంకిపోయే ప్రింటు వేయాలి." పిన్ని ఈసారి గొణగలేదు.

"మరి జాకెట్లు?" అడిగింది కెప్టెన్.

"కుట్టు వెనకాల వాటర్‌ప్రూఫ్ టేపు అతికిద్దాం. ఆగుతుందనే అనుకుంటున్నా."

"అనుకుంటే కుదరదు," అంది గోడ.

కెప్టెన్ లోపలికెళ్లి మగ్గుతో నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ముందు నా జాకెట్‌కే అతికించు పిన్నీ. వేసుకుని నిలబడతాను. గోడా, నువ్వు నా మీద నీళ్లు పొయ్యి. లోపల చుక్క దిగకపోతేనే మిగతావి. కానివ్వండి, ఇప్పుడే."